అవ్వ చీరతో అవ్వకే బొంత

యాసంగి వరికోతలు ముగిసి ధాన్యం కల్లం దాటిన తరువాత, మృగశిర కార్తెతో తొలకరి వచ్చేదాకా పల్లెకు కొంత తీరిక చిక్కుతుంది. కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి పోయే త్రోవలో, ఆ తీరిక దినాల మధ్యాహ్నవేళ, వేపనీడ పడిన వాకిళ్ళలోనూ, పాత పెంకుటిండ్ల అరుగుల మీదనూ నలుగురైదుగురు స్త్రీలు ఒక పెద్ద గుడ్డను నేలపై పరచి దాని చుట్టూ చేరి కూర్చొని ఉండటం ఒకప్పుడు ఊరూరా కనిపించిన దృశ్యం. ఒకరు సూదికి దారం ఎక్కిస్తూ ఉంటారు. ఒకరు ఆ గుడ్డమీదనే మోకాలు మడిచి కూర్చొని కుట్టు వెంట కుట్టు లాగుతూ ఉంటారు. చూపు మందగించిన ముసలమ్మ మాత్రం సూది ముట్టక, ఎక్కడ ముడత పడినదో అరచేతితో తడిమి చెప్పుతూ ఉంటుంది. ఈనాడు ఆ దృశ్యం అరుదైనది, అంతరించిపోలేదు.

వారు కుట్టేది బొంత. సంస్కృతంలో దీని పేరు కంథ. జిల్లాకు పడమటి పొరుగున ఉన్న మహారాష్ట్రులు గోధడి అంటారు. వంగదేశంలో కాంథా. పేర్లు వేరైనా వస్తువు ఒక్కటే. కట్టి కట్టి మెత్తబడిన పాత నూలుబట్టలను పొరలుగా పేర్చి దారంతో ఒకటిగా కుట్టిన పరుపు; చలికాలంలో అదే దుప్పటి. సంక్రాంతికి ముంగిట నిలిచి తల ఊపే గంగిరెద్దు వీపున కనిపించే రంగురంగుల గుడ్డ కూడా ఈ జాతిదే. 2016 అక్టోబరు 11న నిజామాబాదు నుంచి విడివడి వేరు జిల్లాకు కేంద్రమైన కామారెడ్డి పేరు చెప్పగానే లోకులు బెల్లం మార్కెట్టును తలచుకొంటారు. ఎల్లారెడ్డి అనగానే, దాపున మంజీరపై 1923–31 సంవత్సరాల నడుమ కట్టిన నిజాంసాగరును తలచుకొంటారు. బొంతను తలచుకొనేవారు లేరు. అది అంగడికి వచ్చే సరుకు కాదు; కనుక ఏ ఊరి పేరూ దానికి అతుకలేదు.

కుట్టటానికి ముందు చేయవలసిన పని చాలా ఉన్నది. చీర అంతటా ఒకే విధంగా నలగదు. నడుము చుట్టూ, మడమలు తగిలే అంచు దగ్గరా ముందుగా చిరుగుతుంది. లోపలి చుట్టు చాలాకాలం గట్టిగా నిలుస్తుంది. అందువల్ల మొదట చీరను వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తారు. పలచబడిన భాగం నడిమి పొరలకు, గట్టి భాగం పైపొరకు. గంజి పూర్తిగా పోయేదాకా ఉతుకుతారు. గంజి మిగిలిన బట్టలో సూది బరువుగా దిగుతుంది. అంగీలకు గుండీలు ఊడదీస్తారు. కాలరు, జేబు వంటి మందమైన చోట్లను కత్తిరించి పారవేస్తారు. లేకుంటే పండుకొన్నవాని వీపున అవి రాళ్ళవలె తగులుతాయి.

నేలను శుభ్రపరచి అడుగున ఒక మంచి చీరను పరుస్తారు. దానిపై నాయిన ధోవతి, చినిగిన పంచె, లుంగీ, విప్పిన రవికల ముక్కలు, చిన్నవాళ్ళ అంగీలు ఎడం లేకుండా పేర్చుతారు. ఇట్లా ఐదారు పొరలు అయిన తరువాత అన్నిటినీ కప్పుతూ మరొక చీర. నాలుగు మూలలా నాలుగు రాళ్ళో, నీళ్ళచెంబులో పెట్టి బిగువుగా లాగి, పొరలు కదలకుండా జానెడు జానెడు దూరాన పెద్ద కుట్లు వేస్తారు. ఇవి తరువాత విప్పివేసేవి. అసలు కుట్టు అప్పుడు మొదలవుతుంది. కొందరు అంచు నుంచి చుట్లు చుట్లుగా నడిమికి పోతారు. కొందరు ఒక చివర నుంచి రెండవ చివరకు వరుస ప్రక్కన వరుసగా సాగుతారు. వరుసకూ వరుసకూ వ్రేలెడు ఎడం. ఒక్కరే కుడితే దినాల తరబడి పని. నలుగురు కూర్చుంటే మాటలతో తెలియకుండా జరిగిపోతుంది. అయితే బొంత పూర్తి అయిన తరువాత వెనుకకు త్రిప్పి చూస్తే ఎవరి కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసినదో స్పష్టంగా తెలుస్తుంది. దస్తూరీవలె కుట్టు కూడా మనిషికొక తీరు.

ఇందులోని వెచ్చదనానికి కారణం పాఠశాల విజ్ఞానశాస్త్రంలోనే ఉన్నది. ఉష్ణాన్ని ఆపేది గుడ్డకంటె పొరల నడుమ చిక్కుకొన్న గాలి. ఒకే మందపు గుడ్డకంటె, అంత మందం రావటానికి పేర్చిన ఆరు పలచని గుడ్డలు ఎక్కువ గాలిని పట్టి ఉంచుతాయి. పాత నూలు చెమటను పీల్చుకొంటుంది. వందలసార్లు నీళ్ళలో పడి ఎండలో ఆరిన పోగు, క్రొత్త గుడ్డకు ఏ ధరకూ రాని మెత్తదనాన్ని పొందుతుంది. పురిటిబిడ్డకు క్రొత్త బట్ట గుచ్చుకొంటుందని అమ్మమ్మ చీరను చింపి చిన్న బొంత కుట్టే ఆచారానికి మూలం ఈ మెత్తదనమే.

బిడ్డకు కుట్టటం అందరికీ తెలిసినదే. తల్లిదండ్రులకు కుట్టటాన్ని గురించి ఎవరూ అంతగా చెప్పుకోరు. ఈ ప్రాంతపు పల్లెలలో తల్లిని అవ్వ అనీ, తండ్రిని నాయిన అనీ, బాపు అనీ పిలుస్తారు. ఎండాకాలంలో పుట్టింటికి వచ్చిన కూతురు, తిరిగి పోయేలోగా అవ్వకు ఒక బొంత కుట్టి పోవటం చాలా ఇండ్లలో ఉన్న మర్యాద. ఆ బొంతలో అవ్వ కట్టి విడిచిన చీరలే ఉంటాయి. నాయిన గతించి ఉంటే ఆయన ధోవతి ఉంటుంది. కూతురు పుట్టింటిలో ఉన్ననాటి లంగా కూడా ఎక్కడో ఒక పొరలో దొరుకుతుంది. క్రొత్తగా చేరేది దారమూ, కూతురి రెక్కల కష్టమూ మాత్రమే. ఇచ్చే వస్తువు అప్పటికే పుచ్చుకొనేవారిది! ఇటువంటి ఇవ్వటానికి బహుమానమనే మాట సరిపోతుందా అన్నది ఆలోచింపదగినదే. ఆ ఇండ్లలో ఎవరూ ఆ మాట వాడలేదు. “అవ్వకు చలి పెడుతున్నది, బొంత కుట్టిన” అన్నారు, అంతటితో సరి.

తల్లికి కానుక ఇవ్వటానికి ఇప్పుడు ఒక దినం ఏర్పడి ఉన్నది. అది మే నెల రెండవ ఆదివారం. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో అన్నా జార్విస్ అనే ఆమె, 1905లో మరణించిన తన తల్లి జ్ఞాపకార్థం 1908 మే 10న గ్రాఫ్టన్ అనే ఊరి చర్చిలో జరిపించిన ప్రార్థనసభ దీనికి నాంది. 1914లో అధ్యక్షుడు విల్సన్ దానిని జాతీయ దినంగా ప్రకటించినాడు. తరువాతి కథ విచిత్రమైనది. పూల వర్తకులూ, కార్డుల వర్తకులూ ఆ దినాన్ని తమ బేరానికి మలచుకొనటం చూచి అన్నా జార్విస్ మండిపడినది. తాను తెచ్చిన పండుగనే మాన్పించటానికి కోర్టులకెక్కి, ఉన్న సొమ్మంతా ఖర్చు పెట్టి, చివరకు 1948లో ఒక ఆరోగ్యశాలలో నిరుపేదగా కన్నుమూసినది. స్వయంగా నాలుగు పంక్తులు వ్రాయలేక అచ్చుకార్డు కొని పంపే బిడ్డలమీద ఆమెకు ఉన్న కోపం అంతటిది.

తెలంగాణంలో ఆ ఆదివారం నాటికి బడులకు ఎండాకాలపు సెలవులు. పిల్లలు ఇంటిపట్టున ఉంటారు. బొంతలు కుట్టే కాలమూ అదే. ఏ పంచాంగకర్తా కలుపని ముహూర్తం తనంతట తానే కలిసినదన్నమాట. కాని ఆ కాలానికి ఇంటిలో కుట్టదగిన బట్ట ఉన్నదా?

ఈ ప్రశ్న తేలికైనది కాదు. నూలుచీర కట్టేవారు తగ్గినారు. 2017 నుంచి 2023 వరకు ప్రభుత్వం ఏటా పంచిపెట్టిన బతుకమ్మ చీరలు సిరిసిల్ల మరమగ్గాలమీద పాలిస్టరు నూలుతో నేసినవి. ఆ నేతగాండ్రకు అవి అన్నం పెట్టినవి. ఆ మేలును కాదనరాదు. అయితే పాలిస్టరు చీర బొంతకు లొంగదు. పొరలు ఒకదానిమీద ఒకటి జారుతాయి, కుట్టు నిలువదు, చెమట పీల్చదు. నిప్పురవ్వ పడితే కరగి ఒంటికి అంటుకొంటుంది. ఇక నూలుబట్టలు ఉన్న ఇంటికి పాతబట్టల బేరం వస్తుంది. స్టీలు సామాను గంపలో పెట్టుకొని వీధివీధి తిరిగే వారికి నాలుగైదు చీరలు ఇస్తే ఒక గిన్నె చేతికి వస్తుంది. గిన్నె తళతళలాడుతుంది; చీర మాసి ఉన్నది. బేరం కుదరటానికి ఎంతసేపు?

వీటన్నిటికంటె బలమైనది మరొకటి ఉన్నది. 1970వ దశకం నుంచి నిజామాబాదు, కరీంనగరు ప్రాంతాల మగవారు గల్ఫు దేశాలకు వలసపోవటం మొదలుపెట్టినారు. రెండు మూడేండ్లకు ఒకసారి తిరిగి వచ్చేటప్పుడు పెట్టెతోపాటు పూలూ పులులూ అచ్చువేసిన బరువైన దుప్పటి ఒకటి తేవటం ఆనవాయితీ అయినది. అది కొడుకు చెమటకు గుర్తు. దానిని కాదని అవ్వ బొంత కప్పుకొంటుందా? బొంత అటకెక్కినది. దుబాయి దుప్పటి మంచమెక్కినది. తల్లికి కొడుకు ప్రేమ అందలేదని ఎవరూ అనలేరు. అందిన తీరు మాత్రం మారినది. కూతురు నెలపాటు తల్లి ప్రక్కన కూర్చొని కుట్టిన దినాల స్థానంలో, విమానాశ్రయం నుంచి వచ్చిన మూట నిలిచినది.

ఇటువంటి బొంతలకు ఇతర ప్రాంతాలలో దక్కిన గౌరవాన్ని చూస్తే ఈ నష్టం ఎంతటిదో తెలుస్తుంది. వంగదేశపు స్త్రీలు పాతచీరల పొరలను పాత అంచులనుంచి లాగిన రంగుపోగులతో కుట్టి, ఆ కుట్టులోనే బొమ్మలు తీర్చినారు. పందొమ్మిదవ శతాబ్దంలో మానదాసుందరి అనే స్త్రీ తన తండ్రికోసం అటువంటి కాంథా ఒకటి కుట్టినది. అందులో ఆనాటి దొరలూ సిపాయిలూ ఉన్నారు. స్వహస్తాలతో తండ్రికై కుట్టినదని దారపు అక్షరాలలో వ్రాసుకొన్న మాట కూడా ఉన్నది. కలెక్టరు ఉద్యోగం చేస్తూ పల్లెలు తిరిగి జానపద కళావస్తువులు సేకరించిన గురుసదయ దత్తు (1882–1941) పేర, కలకత్తా శివారున జోకాలో ఉన్న మ్యూజియంలో అది భద్రమైనది. తండ్రి దానిని కప్పుకొన్నాడో, మడిచి పెట్టెలో దాచుకొన్నాడో చెప్పటం కష్టం. గుడ్డ ఇంతకాలం చిరుగకుండా నిలిచినదంటే దాచుకొనే ఉండవచ్చు.

అమెరికాలో అలబామా రాష్ట్రపు నదీతీరాన గీస్ బెండ్ అనే ఊరున్నది. పూర్వం బానిసలుగా బ్రతికినవారి సంతతి అక్కడ ప్రత్తి పండించుకొంటూ, చలికి తట్టుకొనటానికి పాతబట్టలతో బొంతలు కుట్టుకొన్నారు. 1942లో భర్త మరణించగా మిజూరీ పెట్‌వే అనే స్త్రీ, అతడు పొలంలో తొడిగిన పని బట్టలనన్నిటినీ ముక్కలు చేసి ఒక బొంతగా కుట్టినది. అతని జ్ఞాపకాన్ని కప్పుకొని పండుకోవాలని ఆమె కోరిక. ఈ సంగతిని తరువాత లోకానికి చెప్పినది అప్పుడు తల్లి ప్రక్కన ఉండిన కూతురు ఆర్లోంజియా. మోకాళ్ళ దగ్గర వెలిసిన రంగు, జేబు ఊడదీసిన చోట మిగిలిన నీలపు చదరం ఆ బొంతలో నేటికీ కనిపిస్తాయి. ఆ ఊరి బొంతలను 2002లో హ్యూస్టను నగరపు కళా మ్యూజియంలో ప్రదర్శించినప్పుడు చూచినవారు ఆశ్చర్యపడినారు. 2006లో వాటి బొమ్మలతో అమెరికా తపాలా బిళ్ళలు కూడా వెలువడినవి. మన అటకలమీద ఉన్న బొంతలకు ఇంత అదృష్టం పట్టాలని కాదు. తపాలా బిళ్ళ మీదికి ఎక్కకపోయినా అవి ఇంకా అందుబాటులో ఉన్నవి, అదే ముఖ్యం.

ఇక బడి సంగతి. పారవేసిన వస్తువులతో పనికివచ్చే వస్తువు చేయించటమనే పోటీ ఇప్పుడు దాదాపు ప్రతి పాఠశాలలోనూ ఉన్నది. ‘బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్’ అని దానికి పేరు. ఉద్దేశం మంచిది. ఆచరణ మాత్రం చాలాచోట్ల వికటించినది. పోటీకి ముందురోజు సాయంత్రం కామారెడ్డి వంటి పట్టణంలో స్టేషనరీ దుకాణాల ముందు తల్లిదండ్రులు బారులు తీరుతారు. మెరుపుకాగితం, జిగురు, థర్మోకోలు, రంగు పూసలు కొంటారు. పాత సీసా ఒకటి దొరకనప్పుడు క్రొత్త సీసా కొని పానీయాన్ని పారబోసినవారూ లేకపోలేదు. పిల్లవాడు నిద్రపోయిన తరువాత అర్ధరాత్రి దాకా తల్లే కూర్చొని ఆ వస్తువును పూర్తి చేస్తుంది. మరునాడు దానిమీద “అమ్మకు ప్రేమతో” అని వ్రాసి ఉంటుంది. తల్లికి ఇచ్చే కానుకను తల్లిచేతనే చేయించటం కంటె వింత ఏమున్నది? పైగా అలంకారానికి వాడే థర్మోకోలు, 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధింపబడిన ప్లాస్టిక్ వస్తువుల పట్టికలో ఉన్నది. ప్రదర్శన ముగిసిన మరునాడు ఆ వస్తువులన్నీ బడి వెనుక చెత్తకుప్పలో చేరుతాయి. చెత్తను తగ్గించబోయి చెత్తను కొని తెచ్చినట్లయినది.

లోపం ఎక్కడ ఉన్నది? సీసాతో ఏమి చేయవచ్చునని మొదలుపెట్టినారు. బొంత అట్లా మొదలు కాలేదు. అవ్వకు చలి పెడుతున్నదని ఎవరో గమనించినారు. ఆ తరువాతనే పెట్టె తెరచి పాతచీరలు వెదకినారు. ఏది ముందు, ఏది వెనుక అన్నదే ఇక్కడ భేదం. పిల్లవానికి మొదట ఇవ్వవలసిన పని కత్తెర కాదు. తల్లి దినమంతా ఏమి చేస్తున్నదో, ఎక్కడ కూర్చొంటున్నదో, సాయంత్రానికి ఆమెకు ఏ చోట నొప్పి పుడుతున్నదో చూచి వచ్చి చెప్పమనాలి. హాస్టళ్ళలోనూ గురుకులాలలోనూ చదివే పిల్లలకు ఈ పని మరింత అవసరం. సెలవులలో మాత్రమే ఇంటిలో ఉండే ఆ పిల్లలకు తల్లి దినచర్య తెలియకపోవటంలో వారి తప్పు లేదు.

ఈ జిల్లాలో ఆ ప్రశ్నకు తరచుగా వచ్చే జవాబు బీడీలు. ఎందరో తల్లులు ఒడిలో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు చుట్టి, దారం కట్టి గంటల తరబడి నేలమీద వంగి కూర్చొంటారు. కూలి వేయి బీడీలకు ఇంత అని లెక్క. కనుక లేవటానికి మనసొప్పదు. మెడ, నడుము పట్టుకొంటాయి. ఆమెకు కావలసినది గోడకు వ్రేలాడదీసే సీసాబొమ్మా? క్రింద వేసికొని కూర్చొనటానికి మూరెడు చదరపు బొంతముక్క, వీపునకూ గోడకూ నడుమ పెట్టుకొనే ఒక మెత్త. ఇవి రెండూ పది పన్నెండేండ్ల పిల్లలు కుట్టగలిగినవే.

అందులో లెక్కల పాఠం కూడా ఇమిడి ఉన్నది. మూర అంటే 18 అంగుళాలు. వరుసల నడుమ ముప్పాతిక అంగుళం ఎడం ఉంచితే 24 వరుసలు పడతాయి. వరుసకు మూరెడు చొప్పున 24 మూరల దారం. కుట్టు పొరల పైకీ క్రిందికీ పోతుంది కనుక మరికొంత. ఎంత అదనంగా కావాలో ఒక వరుస కుట్టి విప్పి కొలిచి చూస్తే తేలిపోతుంది. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ పిలిచిన సభలోనూ, ఆ తరువాత హైదరాబాదులో పుట్టిన జాకీర్ హుసేన్ అధ్యక్షతన పనిచేసిన సంఘంలోనూ పెద్దలు చేతిపనిని చదువుకు కేంద్రం చేయాలని చెప్పినది ఇటువంటి లెక్కలను తలచుకొనే కాబోలు.

సూది ఆడపిల్లల పని అనే మాట బడిలో వినిపిస్తే దానిని అక్కడనే త్రుంచివేయటం మంచిది. తెలంగాణపు ఊళ్ళలో తరతరాలుగా బట్టలు కుట్టిన మేరవారిలో మిషను ముందు కూర్చున్నది ఎక్కువగా మగవారే. వారి దుకాణంలో కత్తిరింపు ముక్కలు అడిగితే సంచీడు ఇస్తారు. గాంధారి, లింగంపేట ప్రాంతాల తండాల నుంచి వచ్చే పిల్లలుంటే ఉపాధ్యాయుని పని సగం తేలిక అవుతుంది. అద్దాలూ గవ్వలూ పొదిగి లంబాడా స్త్రీలు కుట్టే సంచులలోనూ, నీళ్ళకుండ క్రింద తలపై పెట్టుకొనే కుదురులలోనూ కనిపించే కుట్లు ఎన్నో. ఆ నైపుణ్యం తెలిసిన అవ్వ ఒకతె ఒక పూట బడికి వచ్చి కూర్చొంటే చాలును. పాఠ్యపుస్తకంలో ఆమెకు పాఠం లేకపోయినా, ఆమె చేతిలో పాఠం ఉన్నది.

ఒక జాగ్రత్త తప్పనిసరి. ఆశ్చర్యపరచాలనే ఉబలాటంతో అమ్మకు చెప్పకుండా అమ్మ చీరను కోయరాదు. పాతదిగా కనిపించే చీర ఆమె పెండ్లినాటిది కావచ్చు. గతించిన తన తల్లి కట్టినది కావచ్చు. అడగాలి. అడిగినప్పుడు పెట్టె తెరుచుకొంటుంది. ఒక్కొక్క చీరా బయటికి వస్తుంది. ఇది ఏ జాతరలో కొన్నది, ఇది ఎవరు పెట్టినది, ఇది నీవు పుట్టినప్పుడు కట్టుకొన్నది అని ఆమె చెప్పుతూ పోతుంది. కొన్నింటిని కోయమంటుంది, కొన్నింటిని మళ్ళీ మడిచి లోపల పెడుతుంది. ఆ మధ్యాహ్నంలో పిల్లవాడు విన్న కథలు ఏ పోటీకీ పనికిరావు. బొంతముక్క కుట్టటం ఆలస్యమైనా నష్టం లేదు. పాలిస్టరు చీరలనూ త్రోసివేయనక్కరలేదు. వాటిని పేలికలుగా చీల్చి జడలుగా అల్లి చుట్టగా కుడితే కాళ్ళు తుడుచుకొనే పట్టా అవుతుంది. జారే గుణం జడకు అడ్డు కాదు. నీటికి తొందరగా ఆరుతుంది కూడా.

సూది పట్టటానికి వయసు చాలని చిన్నపిల్లలకు కాగితపు బుట్ట ఉన్నది. ఇదీ మన పెద్దమ్మలకు తెలిసిన విద్యయే. వెదురు చాటల సందులు పూడ్చటానికి ఈ గుజ్జునే పూసేవారు. ఏప్రిలులో పరీక్షలు ముగిసిన తరువాత నోటుపుస్తకాలు కిలోల లెక్కన పాతకాగితాల వానికి పోకుండా ఆపాలి. వాటి అట్టలూ సూదులూ తీసివేసి, కాగితాలను చింపి, రెండు మూడు దినాలు నీళ్ళలో నానవేయాలి. గుప్పెడు మెంతులు వేరుగా నానబెట్టి, రెండింటినీ కలిపి రోటిలో దంచాలి. మెంతుల జిగట గుజ్జును పట్టి ఉంచుతుంది. వాటి చేదుకు పురుగు దూరంగా పోతుంది. బోర్లించిన గిన్నెమీద ఒక తడిగుడ్డ కప్పి, దానిపై గుజ్జును వ్రేలిమందాన సమంగా తట్టి, ఎండలో పెట్టాలి. పైభాగం గట్టిపడగానే గిన్నెను విడిపించి లోపలివైపు కూడా ఆరనివ్వాలి. కామారెడ్డి ఎండకు అది ఎంతోకాలం పట్టే పని కాదు.

గుజ్జును మరీ మెత్తగా దంచనక్కరలేదు. బాల్‌పెన్ను సిరా నీళ్ళకు సులువుగా లొంగదు. అందువల్ల బుట్ట గోడలో అక్కడక్కడ ఒక అక్షరమో, ఒక అంకెయో, ఎర్రసిరా గీత ముక్కయో మిగిలిపోతుంది. చదువురాని తల్లి అందులో ఎల్లిగడ్డలు పోసికొంటూ, వ్రేలితో ఆ గీతను చూపి, “గిదేందిరా?” అని అడుగుతుంది. “లెక్కల పరీక్ష అవ్వా” అంటాడు కొడుకు. “ఎన్నొచ్చినయి?” అంటుంది ఆమె. మార్కులు వేసిన మూల మాత్రం, ఎందువల్లనో, రోకలి క్రింద బాగా నలిగి ఉంటుంది.